పక్కింటాయన పేరేంట్రా?

మా నాన్న అమెరికా వచ్చిన రెండో రోజు పొద్దున్నే అడిగిన ప్రశ్న ఇది. జెట్‌లాగ్ పుణ్యమా అని మూడింటికే లేచి, అమ్మ చేత కాఫీ పెట్టించుకుని తాగి, తెల్లారేదాకా కిటికీ దగ్గరే కూర్చున్నారట. నేను లేచి కిందకి రాగానే, "కుడిపక్క ఇంట్లో రోజా చెట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. పక్కింటాయన పేరేంట్రా?" అన్నారు.

నేను తెల్లమొహం వేశాను. ఆ ఇంట్లో దిగి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆయనకి ఎర్ర రంగు ఫోర్డ్ ట్రక్కు ఉందని తెలుసు. ఆయన ఇల్లు ఇప్పుడమ్మితే ఎంతొస్తుందో జిల్లోలో చూసి ఠక్కున చెప్పగలను. పేరు మాత్రం తెలీదు. ఏదో నోటికొచ్చిన పేరు చెప్పి ఆఫీసు కాల్ ఉందని మేడెక్కేశాను :)

ముందు మా ఊరి గురించి రెండు ముక్కలు. మేముండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. 2000 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో ఉన్నది 34 వేల లోపు మనుషులు. 2020 కొచ్చేసరికి రెండు లక్షలు దాటారు. అందులో మనవాళ్ళ వాటా ఎంతో తెలియాలంటే లెక్కలు చూడక్కర్లేదు, ఆదివారం సాయంత్రం ఇండియన్ కిరాణా కొట్టు పార్కింగులో ఖాళీ కోసం ఒక్కసారి తిరిగి చూడండి. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, గోంగూర దొరుకుతుంది, సినిమా రిలీజైన రోజు హాల్లో కాగితాలు ఎగురుతాయి. లేనిదల్లా బస్సు. డాలస్ చుట్టుపక్కల బస్సులూ రైళ్ళూ నడిపే డార్ట్ అనే సంస్థలో మా ఊరికి సభ్యత్వమే లేదు.

మా నాన్న ఆర్టీసీలో మెకానికల్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యారు. అద్దంకి, కందుకూరు, చీరాల, మార్కాపురం.. ప్రకాశం జిల్లాలో ఆయన తిరగని డిపో లేదు. "బస్సే రాని ఊరు ఊరెలా అవుతుందిరా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పాలపాకెట్టు కావాలన్నా కారు తీయాలంటే ఆయనకి నమ్మబుద్ధి కాలేదు. ఇళ్ళున్న చోట ఇళ్ళే ఉండాలి, కొట్టూ గిట్టూ పెట్టకూడదు అని ఊరు గీసుకునే హక్కు పురపాలక సంఘాలకి ఉందని ఇక్కడి సుప్రీంకోర్టు 1926లోనే తేల్చేసింది. యూక్లిడ్ కేసు అంటారు దాన్ని. మన జామెట్రీ యూక్లిడ్ కాదు లెండి, ఒహాయోలో ఓ ఊరు. మూల మీద కిరాణా కొట్టు లేదు, బడ్డీ కొట్టు లేదు, బస్టాపు లేదు. అంటే మనిషికీ మనిషికీ అనుకోకుండా ఎదురుపడే చోటే లేదు. గ్యారేజీ తలుపు లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగుతుంది. రెండేళ్ళు నేను అలాగే బతికాను, బాగానే ఉందనుకున్నాను కూడా.

నాన్న మాత్రం నడిచారు. పొద్దున ఏడింటికి మంకీ క్యాపు పెట్టుకుని, స్వెటర్ వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని కాలనీ అంతా ఓ చుట్టు. అక్టోబరు నెలాఖరులో డాలస్ చలి మనకో లెక్క కాదు గానీ, మంకీ క్యాపు ఆయన ప్రాథమిక హక్కు. పూలచెట్టు కనిపిస్తే ఆగుతారు. గ్యారేజీ తెరిచి ఉంటే ఆగుతారు. ముప్ఫై మూడేళ్ళు గ్యారేజీలో పనిచేసిన మనిషి, ఇంజను కనిపిస్తే కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. ఇందులో వింతేముంది?

ఓ బుధవారం పొద్దున ఆఫీసులో మీటింగులో ఉండగా ఫోన్లో మా కాలనీ వాళ్ళందరం వాడే యాప్ నుంచి మెసేజి వచ్చింది. ఎవరింటి డోర్‌బెల్ కెమెరాలోంచో తీసిన ఫొటో. "ఈ మనిషి ఎవరికైనా తెలుసా? రెండ్రోజులుగా మా వీధిలో తిరుగుతున్నాడు, ఇళ్ళ ముందు ఆగి గ్యారేజీల్లోకి చూస్తున్నాడు, జాగ్రత్త" అని కింద. మంకీ క్యాపు, వెనక్కి కట్టుకున్న చేతులు. మా నాన్న.

దాని కింద అప్పటికే ఆరేడు కామెంట్లు. కార్లు లాక్ చేసుకోండి అని ఒకరు. పోలీసులకి ఫోన్ చేశారా అని ఇంకొకరు.

నిజం ఒప్పుకోవాలి. నాకు మొదట వచ్చింది కోపం కాదు, భయమూ కాదు. సిగ్గు. "ఆ టోపీ వద్దని చెప్తే వినరు కదా" అనుకున్నాను. 'ఆయన మా నాన్న' అని మూడు ముక్కలు టైపు చేయడానికి నాకు చేతులు రాలేదు. మీటింగులో ఎవరో నన్నేదో అడిగితే జవాబు కూడా చెప్పాను. ఒక పది నిమిషాలు అలా గడిచాయి. ఆ పది నిమిషాల గురించే ఇదంతా రాస్తున్నాను.

ఆ తర్వాత గుర్తొచ్చింది అలబామా సంగతి. 2015 ఫిబ్రవరిలో మాడిసన్ అనే ఊళ్ళో, అచ్చం మా కాలనీ లాంటి చోట, కొడుకు ఇంటికొచ్చిన ఓ గుజరాతీ పెద్దాయన పొద్దున్నే ఇంటి ముందు వీధిలో నడుస్తున్నాడు. వయసు 57. మనవణ్ణి చూసుకోవడానికి వచ్చాడు. ఎవరో అనుమానాస్పద వ్యక్తి గ్యారేజీల దగ్గర తిరుగుతున్నాడని పోలీసులకి ఫోన్ చేశారు. పోలీసులొచ్చి అడిగితే ఆయనకి ఇంగ్లీషు రాదు. ఓ ఆఫీసరు ఆయన్ని అమాంతం నేలకేసి కొట్టాడు. వెన్నుపూస దెబ్బతిని, ఆపరేషన్ చేసినా ఆయనకి కాళ్ళూ చేతులూ మునుపట్లా రాలేదు. ఆ రాష్ట్ర గవర్నరు క్షమాపణ చెప్పాడు. ఆఫీసరు మీద కేసులో రెండుసార్లు జ్యూరీ ఏ సంగతీ తేల్చలేకపోయింది, చివరికి 2016 జనవరిలో జడ్జి కేసు కొట్టేశాడు. అప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. పేపర్లో చదివి 'అయ్యో పాపం' అనుకుని పేజీ తిప్పేసిన గుర్తు.

అమ్మకి ఫోన్ చేస్తే, "నడకకెళ్ళారు, ఇంకా రాలేదు, ఫోన్ ఇక్కడే పెట్టేసి వెళ్ళారు" అంది. ఎలా నడిపానో తెలీదు, పాతిక నిమిషాల దారి పదిహేను నిమిషాల్లో వచ్చి పడ్డాను.

నాన్న పక్కింట్లో ఉన్నారు. ఎర్ర ట్రక్కు బానెట్ లేచి ఉంది. నాన్న, ఆ పెద్దాయన ఇద్దరూ లోపలికి వంగి చూస్తున్నారు. ఆయనకి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. బెల్టు చూపించి నాన్న చేత్తో 'వదులు' అని సైగ చేస్తుంటే ఆయన తలూపుతున్నాడు. నన్ను చూసి, "మీ నాన్న చెప్పేది కరెక్టే, ఆరు నెలల్నుంచి ఈ చప్పుడేంటో నాకు తెలియట్లేదు" అన్నాడు. ఆ రోజే నాకు ఆయన పేరు తెలిసింది.

అంటే, ఏమీ జరగలేదు. పోలీసులు రాలేదు, ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. జరగకపోవడం అదృష్టం మాత్రమే, అందులో నేను చేసిందేమీ లేదు.

సాయంత్రం స్థిమితపడ్డాక ఆ పోస్టు పెట్టిందెవరా అని చూశాను. ఏ తెల్లవాళ్ళో అయ్యుంటారని, రాయబోయే జవాబు మనసులో అప్పటికే తయారు చేసుకున్నాను కూడా. పేరు చూసి నోట మాట రాలేదు. మన ఇంటిపేరు! మాకు రెండు వీధుల అవతల ఉండే తెలుగువాళ్ళు. జాతివివక్ష మీద నేను తయారు చేసుకున్న ఉపన్యాసం అంతా వృథా అయిపోయింది.

నాన్నని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గొడవ పెట్టుకోవాలనే వెళ్ళాను. ఆ అమ్మాయి చంకలో పిల్లాడితో తలుపు తీసింది. భర్త ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. బంగారం ఉంటుందని మనవాళ్ళ ఇళ్ళే చూసి మరీ దోచుకునే ముఠాల గురించి మనందరం వింటూనే ఉంటాం, వాళ్ళ స్నేహితుల ఇంట్లో అలాగే జరిగిందట. ఒంటరిగా ఉండి భయపడింది. నాన్నని చూడగానే మొహం పాలిపోయింది. "సారీ అంకుల్, నాకు తెలీదు.." అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాన్నే, "పర్లేదమ్మా, చంటిపిల్లాడితో ఒక్కదానివే ఉన్నావు, జాగ్రత్తగా ఉండాలి. ఏ ఊరు మీది?" అన్నారు. నరసరావుపేట. అక్కడి డిపో మేనేజరు దగ్గర్నుంచి కోటప్పకొండ తిరణాళ్ళ స్పెషల్ బస్సుల దాకా అరగంట కబుర్లు.

కథ ఇక్కడ సుఖాంతం అని మీరనుకుంటే పొరపాటు. ఆ మర్నాటి నుంచి నాన్న వీధిలోకి వెళ్ళడం మానేశారు. అడిగితే మోకాళ్ళ నొప్పులన్నారు. పెరట్లో చెక్క కంచె చుట్టూ నలభై రౌండ్లు నడిచేవారు. మోకాళ్ళ నొప్పులున్నాయన్న మనిషి నలభై రౌండ్లు! మార్చిలో వెళ్ళాల్సిన వాళ్ళు టికెట్లు ముందుకు జరిపించుకుని సంక్రాంతికి ముందే వెళ్ళిపోయారు. "ఇల్లు చాలా బాగుందిరా" అన్నారు వెళ్ళేటప్పుడు. ఇల్లు బాగుంది అన్నారు, ఊరు బాగుంది అనలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. తప్పెవరిది?

ఆ అమ్మాయిని తిట్టడం తేలిక. నేను కూడా ఏం తక్కువ తినలేదు. ఆ మధ్య ఓ కుర్రాడు పురుగుల మందు కొట్టించుకోమని ఇంటింటికీ తిరుగుతుంటే ఎవరో అతని ఫొటో పెట్టి 'జాగ్రత్త' అన్నారు. నేను దానికి ఓ లైకు కొట్టి నా పనిలో పడ్డాను. ఆ కుర్రాడికీ ఓ నాన్న ఉంటాడు కదా అని నాకు తట్టలేదు.

ఇంకాస్త వెనక్కి వెళితే, మనం ఇష్టపడి కొనుక్కున్న ఈ 'సేఫ్ కమ్యూనిటీ'కి ఒక చరిత్ర ఉంది. 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో లెవిట్‌టౌన్ అని ఒకే మూసలో వేల ఇళ్ళు కట్టారు. ఇప్పటి మన సబర్బ్‌లకి అది పెద్దక్క లాంటిది. అక్కడి ఇంటి కాగితాల్లో, పనివాళ్ళు తప్ప తెల్లజాతి కానివాళ్ళెవరూ ఈ ఇంట్లో ఉండకూడదని రాసి ఉండేది. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇళ్ళ అమ్మకాల్లో వివక్ష చూపించకూడదని చట్టం రావడానికి 1968 దాకా పట్టింది. అంతకు ముందు 1923లో అదే సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ళ కిందకి రారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పిచ్చింది. వచ్చిన పౌరసత్వాన్ని పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మన తరం వాళ్ళకి దారి తెరిచింది 1965 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం. ఆ తలుపులు తీయించడానికి దెబ్బలు తిన్నదీ, జైళ్ళకెళ్ళిందీ ఎక్కువగా ఇక్కడి నల్లజాతివాళ్ళు. మనం మాత్రం తీసిన తలుపులోంచి దర్జాగా వచ్చి, లోపల్నించి గడియ పెట్టుకుని, కెమెరాలో బయటికి చూస్తున్నాం. ఇంటితో పాటు పాత అనుమానాన్ని కూడా ఫ్రీగా తెచ్చుకున్నామా అనిపిస్తోంది నాకు.

"ఊరుకో గురూ, మనం ఇక్కడ ఎన్నాళ్ళుంటామో మనకే తెలీదు. ఇరుగూపొరుగూ అని పెట్టుకోవడం ఎందుకు?" అంటాడు నా రూమ్మేటుగా ఉండి ఇప్పుడు వేరే ఊళ్ళో ఇల్లు కొన్న మిత్రుడు. అతని మాటని కొట్టిపారేయలేను. హెచ్1బి ఒకసారికి మూడేళ్ళిస్తారు. ఉద్యోగం పోతే మహా అయితే అరవై రోజుల గడువు. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటకూడదన్న లెక్క వల్ల మనవాళ్ళ క్యూ పదేళ్ళు ఎప్పుడో దాటిపోయింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చిన రాత్రి, ఇండియా వెళ్ళిన మా కొలీగు ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాడు, అది తనకి వర్తిస్తుందో లేదో కూడా తెలియకుండా. ఇలాంటి బతుకులో మూడేళ్ళ వీసా మీద ముప్ఫై ఏళ్ళ అప్పు తీసుకుని ఇల్లు కొన్నాం. మరి అప్పుకి అడ్డురాని అనిశ్చితి, పక్కింటాయన్ని పలకరించడానికి మాత్రం ఎందుకు అడ్డొచ్చిందంటారు?

మా అమ్మని చూడండి. నాన్నకి రెండు మూడేళ్ళకో ట్రాన్స్‌ఫర్. కొత్త ఊళ్ళో లారీ దిగిన సాయంత్రమే అమ్మ గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళేది, పాలలోకి తోడు కోసం. సామాన్లు సర్దడం తర్వాత, ముందు తోడు. "ఎన్నాళ్ళుంటామో తెలియదు కదమ్మా" అంటే, "పెరుగు రేపొద్దున్నే కావాలి కదరా" అనేది. ఉండేది ఎన్నాళ్ళో తెలియనివాళ్ళకే ఇరుగుపొరుగు ఎక్కువ అవసరం. అరవై రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాల్సొస్తే మన సామాన్లకీ, పిల్లలకీ ఆసరా ఇచ్చేది ఇరవై మైళ్ళ అవతలి వాట్సాప్ గ్రూపు కాదు.

మనం కలవమా అంటే బ్రహ్మాండంగా కలుస్తాం. పుట్టినరోజులు, బతుకమ్మ, కార్తీక వనభోజనాలు, ఒక్క పాట్‌లక్ కోసం నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తాం. నలభై అడుగులు నడవం. 'అమెరికావాళ్ళూ అంతే కదా' అనొచ్చు. కొంతవరకు నిజమే. కానీ వాళ్ళ నాన్న వీధిలో నడిస్తే ఎవరూ ఫొటో తీసి పెట్టరు. అవసరం మనది, కాబట్టి మొదటి అడుగు మనమే వేయాలి. ఇది న్యాయమా అంటే కాకపోవచ్చు. న్యాయం జరిగేదాకా నాన్నని పెరట్లో తిప్పలేం కదా.

నాకు తోచిన నాలుగు పనులు చెప్తాను. పెద్దవేం కాదు.

ఒకటి. అమ్మానాన్నలు రాగానే కాస్ట్‌కోకి తీసుకెళ్ళేముందు చుట్టుపక్కల పదిళ్ళకి తీసుకెళ్ళండి. "మా నాన్నగారు, ఆరు నెలలుంటారు, పొద్దున్నే నడుస్తారు" అంతే. వాళ్ళ జేబులో ఇంటి అడ్రసు, మన నంబరు ఉన్న కాగితం ఒకటి పెట్టండి. పోలీసులు పలకరిస్తే ఆగి, చేతులు కనపడేట్టు ఉంచి, ఆ కాగితం ఉందని చెప్పడం నేర్పండి. జేబులో చెయ్యి పెట్టేముందు చెప్పాలి, అది ముఖ్యం. ఇది నేర్పాల్సి రావడం మనసుకి కష్టంగానే ఉంటుంది, తెలుసు.

రెండు. తెలియని మనిషి కనిపిస్తే ఫొటో పెట్టేముందు, భయం లేని పరిస్థితైతే, తలుపు తీసి ఓ 'హలో' చెప్పండి. భయమేస్తే పక్కింటివాళ్ళని అడగండి. అడగడానికి పక్కింటివాళ్ళు తెలిసుండాలి, మళ్ళీ మొదటికే వచ్చాం చూశారా.

మూడు. హెచ్.ఓ.ఏ. వాడు చెత్తడబ్బా బయట ఉందని ఉత్తరం పంపితే తిట్టుకోవడం తప్ప, నేను ఎప్పుడూ ఆ మీటింగుకి వెళ్ళలేదు. ఇంటి యజమానిగా అక్కడ నాకు ఓటుంది. ఈ దేశంలో నాకున్న ఒకే ఒక్క ఓటు అది! ఈ ఫిబ్రవరిలో మొదటిసారి వెళ్ళాను. మూడొందల పైచిలుకు ఇళ్ళకి వచ్చింది పందొమ్మిది మంది. మనవాళ్ళు నాతో కలిపి ఇద్దరు. చెరువు గట్టు మీద రెండు బెంచీలు వేయించమని అడిగాను, కూర్చోవడానికి చోటుంటే మనుషులు ఎదురుపడతారని. చూద్దామన్నారు.

నాలుగు. సిటీ కౌన్సిల్లో మనకి ఓటు లేకపోయినా నోరుంది. అజెండాలో ఉన్న విషయం మీద జనం మాట్లాడటానికి అవకాశం ఇచ్చితీరాలని టెక్సస్‌లో 2019లో చట్టం చేశారు. పన్ను కడుతున్నాం. టెక్సస్‌లో ఇంటిపన్ను ఎంతో కడుతున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వెళ్ళి మాట్లాడొచ్చు, బస్సు గురించైనా సరే.

మొన్న ఆదివారం నాన్నతో వీడియో కాల్ మాట్లాడుతుంటే పక్కింటాయన వచ్చాడు. ట్రక్కు బెల్టు మార్పించాడట, చప్పుడు పోయిందట, అది నాన్నకి చెప్పాలట. ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు. వచ్చే అక్టోబరుకి మళ్ళీ రమ్మంటే నాన్న "చూద్దాంలే" అన్నారు. మా హెచ్.ఓ.ఏ. జవాబూ అదే, నాన్న జవాబూ అదే.

ఆయన మళ్ళీ వచ్చి, మంకీ క్యాపు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని మా వీధిలో నడిచిన రోజు ఇది నా ఊరు అంటాను. అప్పటిదాకా అది నేను ఈఎమ్ఐ కడుతున్న ఇల్లు, అంతే.

అన్నట్టు, మీ పక్కింటాయన పేరేంటండీ?